ఇండెంట్ల ఆమోదం పవర్ ఆటోమేట్‌లో: డైరెక్టరు ఊళ్ళో లేనప్పుడు ఫైలు ఎవరి దగ్గరకు వెళ్ళాలి?

ఇండెంట్ల_గది

సభ్యులందరికీ నమస్కారం. హైదరాబాదు పడమటి శివార్లలో అపార్టుమెంట్లు కట్టే ఒక నిర్మాణ సంస్థలో కొనుగోళ్ల విభాగం చూస్తున్నాను. మా సైట్ల నుంచి వచ్చే ఇండెంట్లు (సరుకు కావాలని కోరే పత్రాలు) ఇంతకాలం ఈమెయిలు జోడింపులుగానూ, వాట్సాప్ ఫోటోలుగానూ తిరుగుతూ వచ్చాయి. మైక్రోసాఫ్ట్ 365 చందా సంస్థ ఎలాగూ కడుతోంది కాబట్టి, అందులోని షేర్‌పాయింట్ జాబితాకు (ఆన్‌లైన్ పట్టిక) పవర్ ఆటోమేట్‌ను (పనులను తనంతట తాను నడిపే సాధనం) జోడించి ఆమోదాలను అందులోనే నడపాలని యాజమాన్యం నిర్ణయించింది.

మా దారి ఇలా ఉంటుంది. సైట్ ఇంజనీరు ఇండెంటు పెడతారు, స్టోర్సు వారు నిల్వ చూసి ధ్రువీకరిస్తారు, మేము కొటేషన్లు తెప్పించి వాటిని పోల్చే కంపారిటివ్ స్టేట్‌మెంట్ జోడిస్తాము. విలువ 5 లక్షల లోపు అయితే ప్రాజెక్టు మేనేజరు, దాటితే డైరెక్టరు ఆమోదిస్తారు. చివరగా అకౌంట్సు వారు బడ్జెట్ చూసుకుని పర్చేజ్ ఆర్డరు విడుదలకు అనుమతిస్తారు. మొత్తం ఒకే ఫ్లోగా (దశల వరుసగా) కట్టాము, మామూలు రోజుల్లో బాగానే నడుస్తోంది.

చిక్కంతా మామూలు కాని రోజుల్లోనే ఉంది. డైరెక్టరు గారు ఎక్కువ రోజులు ఊళ్ళో లేకపోతే ఇండెంటు ఆయన దగ్గరే ఆగిపోతోంది, ఆ తర్వాత ఫ్లో తనంతట తాను గడువు మీరిందంటూ ముగిసిపోతోంది. ఆయన తిరిగి వచ్చి ఆమోదం నొక్కినా ముందుకు ఏమీ కదలడం లేదు. ఇక రెండవ చిక్కు, ఆమోదం వచ్చాక ధర మారితే ఏం చేయాలన్నది. జాబితాలో మొత్తాన్ని మార్చగానే ఫ్లో మళ్ళీ మొదటి నుంచి మొదలవుతోంది, కొన్నిసార్లు ఆగకుండా తిరుగుతోంది. ఇటువంటి ఏర్పాటు నడిపిన అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

ఫ్లో_మేస్త్రి

మీరు చెప్పిన లక్షణాలన్నీ పవర్ ఆటోమేట్ స్వభావం నుంచి పుట్టినవే కాబట్టి ముందుగా ఆ స్వభావం చెబుతాను. క్లౌడ్ ఫ్లో ఒక్కసారి మొదలైతే గరిష్ఠంగా 30 రోజులు మాత్రమే బతికి ఉంటుంది, ఆమోదం కోసం ఎదురుచూసే కాలం కూడా ఆ 30 రోజుల్లోనే లెక్క. ఆ గడువు దాటగానే పెండింగులో ఉన్న దశ రద్దవుతుంది. అయితే ఆమోద అభ్యర్థన వేరే చోట, అంటే మైక్రోసాఫ్ట్ డేటాబేసు అయిన డేటావర్స్‌లో, నిల్వ ఉంటుంది కనుక డైరెక్టరు గారి టీమ్స్‌లో అది ఇంకా పెండింగుగానే కనిపిస్తుంది. ఆయన నొక్కుతారు, కానీ ఆ జవాబును అందుకోవలసిన ఫ్లో అప్పటికే లేదు.

అందుచేత ఒకే పొడవాటి ఫ్లో కట్టడం మానండి. షేర్‌పాయింట్ జాబితాలో ‘స్థితి’ అనే ఒక గడి పెట్టి, దాని విలువలుగా స్టోర్సు పరిశీలన, కొటేషన్లు, ఆమోదానికి, బడ్జెట్, విడుదల, వాపసు వంటివి ఉంచండి. ఒక్కొక్క స్థితికి ఒక్కొక్క చిన్న ఫ్లో ఉంటుంది. అది తన దశ మాత్రమే నడిపి, స్థితిని మార్చి, ముగిసిపోతుంది. అప్పుడు ఇండెంటు ఎన్నాళ్ళు తిరిగినా ఏ ఒక్క ఫ్లో కూడా 30 రోజుల గోడను తాకదు, మధ్యలో ఒకటి చెడిపోయినా మొత్తం మొదలు పెట్టవలసిన పని ఉండదు.

ఆమోద దశకు గడువు మీరే పెట్టవచ్చు. ఆ చర్య సెట్టింగులలో కాలపరిమితి గడిలో పి3డి అని రాస్తే మూడు రోజులు, పిటి4హెచ్ అని రాస్తే నాలుగు గంటలు అని అర్థం. అయితే ఆ గడిలో ఇంగ్లీషు పెద్ద అక్షరాలే వాడాలి. తర్వాతి చర్యకు ‘ఇది ఎప్పుడు నడవాలి’ అన్న అమరికలో ‘గడువు మీరినప్పుడు’ అన్నది ఎంచుకుంటే, జవాబు రాని ఇండెంటు ప్రత్యామ్నాయ అధికారికి వెళుతుంది. ఒక హెచ్చరిక ఉంది. ఈ లెక్క క్యాలెండరు రోజులది. శుక్రవారం సాయంత్రం పంపిన ఇండెంటుకు మూడు రోజుల గడువు పెడితే శని, ఆదివారాలు అందులోనే కరిగిపోతాయి, సంక్రాంతి వారంలో అయితే చెప్పనక్కరలేదు. సెలవుల జాబితా ఒకటి షేర్‌పాయింట్‌లోనే పెట్టి, రోజూ ఉదయం నడిచే ఒక ఫ్లో చేత పనిదినాలు లెక్క కట్టించడం మేలు.

ఇక ఆగకుండా తిరగడానికి కారణం తేలికైనదే. ‘అంశం సృష్టించినప్పుడు లేదా మార్చినప్పుడు’ అన్న ట్రిగ్గరు (ఫ్లోను మొదలుపెట్టే సంఘటన) వాడి, అదే ఫ్లోలో అదే అంశాన్ని మారుస్తున్నారు కాబట్టి తనను తానే లేపుకుంటోంది. ట్రిగ్గరు షరతులలో ‘స్థితి ఫలానాది అయితేనే’ అని పెడితే ఆగిపోతుంది.

ఇండెంట్ల_గది

ధన్యవాదాలు. చిన్న ఫ్లోలుగా విడగొట్టడం అర్థమైంది. మరొక చోట, ఆమోదాన్ని ‘సృష్టించు’ అని ఒక ఫ్లోలో పెట్టి, జవాబు వచ్చినప్పుడు డేటావర్స్ ట్రిగ్గరుతో రెండవ ఫ్లో మొదలుపెట్టమని సలహా ఇచ్చారు. అది మంచిదా?

ఫ్లో_మేస్త్రి

పనిచేస్తుంది. కాకపోతే ఆమోదాల చర్యలు మామూలు మైక్రోసాఫ్ట్ 365 లైసెన్సులో దొరుకుతాయి గానీ, డేటావర్స్ కనెక్టరు (దానితో కలిపే లంకె) అదనంగా డబ్బు కట్టవలసిన ప్రీమియం కింద వస్తుంది. మీ అవసరానికి ఆ అదనపు ఖర్చు అనవసరం. పి3డి గడువు, స్థితి గడి, రోజువారీ ఫ్లో, ఈ మూడింటితోనే సరిపోతుంది.

పచ్చ_నోటు

సచివాలయంలో సెక్షన్ అధికారిగా పనిచేసి విరమించినవాడిని. సాఫ్ట్‌వేరు సంగతులు పై సభ్యులకు తెలిసినంతగా నాకు తెలియవు గానీ, ‘అధికారి లేనప్పుడు ఫైలు ఎవరికి’ అన్న ప్రశ్న కార్యాలయాలకు కొత్త కాదు కాబట్టి ఒక మాట చెప్పదలచాను.

ప్రభుత్వంలో ఫైలు మనిషికి వెళ్ళదు, పోస్టుకు వెళుతుంది. అధికారి సెలవు పెడితే ఆ పోస్టుకు రెండు రకాల ఏర్పాట్లు ఉంటాయి. ఒకటి ఇన్‌చార్జి, అంటే రోజువారీ వ్యవహారాలు మాత్రమే చూసేవారు. మరొకటి పూర్తి అదనపు బాధ్యతలు, మనవాళ్ళు ఎఫ్ఏసీ అంటారు, ఆ పోస్టు అధికారాలతో సహా అప్పగించడం. ఈ రెండింటి మధ్య తేడా తెలియకుండా ఇన్‌చార్జి అధికారి చేత మంజూరు సంతకం పెట్టిస్తే తర్వాత అభ్యంతరం తప్పదు. మీ డైరెక్టరు గారు ఊళ్ళో లేనప్పుడు ఎవరు చూస్తారన్నది మాత్రమే కాక, ఎంత మొత్తం వరకు, ఏయే సరుకులకు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది కాగితం మీద ఆయన సంతకంతో ఉండాలి. అది లేకుండా సాఫ్ట్‌వేరులో ‘ప్రత్యామ్నాయ అధికారి’ అని పేరు నింపితే, ఆ పేరుకు అధికారం ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగినప్పుడు చూపడానికి ఏమీ ఉండదు.

జాతీయ సమాచార కేంద్రం వారు తయారుచేసిన, ప్రభుత్వ ఫైళ్ళను కంప్యూటరులో నడిపే ఈ-ఆఫీసులో నాకు నచ్చిన పద్ధతి ఒకటి ఉంది. నోటు రాసేటప్పుడు అది పసుపు నోటు, ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు. ఫైలు పంపాక అది పచ్చ నోటు అవుతుంది, ఇక దానిని రాసినవారు కూడా మార్చలేరు. ఏదైనా సవరించాలంటే కింద కొత్త నోటు రాయాల్సిందే. మీ రెండవ చిక్కుకు, అంటే ఆమోదం తర్వాత ధర మారడానికి, సూత్రం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఆమోదించిన దానిని ఎవరూ దిద్దకూడదు, దాని కింద సవరణ చేర్చాలి.

ఇంకొక మాట. మీ ఆమోదాల పట్టిక కొండవీటి చేంతాడంత కానివ్వకండి. కేంద్ర సచివాలయ కార్యవిధాన కరదీపిక ఇటీవలి సంచికలో ఫైలు సమర్పణ దశలు మామూలుగా నాలుగుకు మించకూడదన్నారు. దశలు పెరిగిన కొద్దీ ప్రతివారూ పైవారు చూస్తారులే అని సంతకం పెడతారు, తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు బాధ్యత ఎవరికీ అంటదు.

డాలస్_ప్రవాహం

పచ్చ_నోటు గారు చెప్పిన పోస్టు, మనిషి తేడాను సాఫ్ట్‌వేరులోకి దించడం గురించి రెండు మాటలు. ఫ్లో లోపల డైరెక్టరు గారి ఈమెయిలును నేరుగా రాయకండి. ‘అధికారాలు’ అనే ప్రత్యేక జాబితా పెట్టి, పదవి, ప్రాజెక్టు, సరుకు వర్గం, కనిష్ఠ మొత్తం, గరిష్ఠ మొత్తం, వ్యక్తి, మొదటి తేదీ, చివరి తేదీ అన్న గడులతో నింపండి. ఫ్లో ప్రతిసారీ ఆ జాబితాను అడిగి తెలుసుకోవాలి. డైరెక్టరు గారు పదిహేను రోజులు విదేశాలకు వెళుతున్నారంటే ఆ జాబితాలో తేదీలతో ఒక వరుస చేరుతుంది, ఫ్లోను ఎవరూ ముట్టుకోరు. ప్రక్రియ నమూనాలు గీయడానికి బీపీఎంఎన్ అనే గుర్తుల పద్ధతి ఎలా ప్రమాణమో, ఇటువంటి నిర్ణయ పట్టికలకు డీఎంఎన్ అలా ప్రమాణం. దీని మొదటి రూపం 2015లో వచ్చింది. మీరు ఆ సాధనమే వాడనక్కరలేదు, అందులోని ఆలోచన చాలు.

బీపీఎంఎన్ నుంచి ఇంకొక విషయం కూడా అరువు తెచ్చుకోవచ్చు. 2011లో వచ్చిన దాని రెండవ రూపంలో ఒక పనికి రెండు రకాల గడియారాలు తగిలించవచ్చు. ఒకటి పనిని ఆపకుండా పక్కన ఇంకేదో చేసేది, అంటే గుర్తుచేయడం. రెండవది పనిని ఆపి దారి మళ్ళించేది, అంటే పై అధికారికి పంపడం. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. ఫలితంగా ఇండెంటు పైవారికి వెళ్ళిపోయిన తర్వాత కూడా మొదటి అధికారి దగ్గర పెండింగులో కనిపిస్తూ, ఇద్దరూ ఆమోదించడమో, ఒకరు ఆమోదించి ఒకరు తిరస్కరించడమో జరుగుతుంది. గడువు మీరినప్పుడు పాత అభ్యర్థనకు ఏమవుతుందో ముందే తేల్చుకోండి. ఫ్లో_మేస్త్రి గారు చెప్పినట్టు పవర్ ఆటోమేట్‌లో అది తనంతట తాను మాయం కాదు.

మరొకటి. ప్రక్రియ నడుస్తుండగా నియమం మారితే, అంటే 5 లక్షల పరిమితిని రేపు 7 లక్షలు చేస్తే, ఇప్పటికే మధ్యలో ఉన్న ఇండెంట్లకు ఏ పరిమితి వర్తిస్తుంది? ప్రక్రియలను నడిపే కముండా వంటి ఇంజిన్లలో మొదలైన ప్రక్రియ తాను మొదలైన నాటి నమూనాతోనే చివరి వరకు నడుస్తుంది, కావాలని మార్చితే తప్ప కొత్తదానికి మారదు. మీరు కట్టబోయే స్థితి పద్ధతిలో మాత్రం జాబితాను ప్రతి దశలో కొత్తగా చదువుతారు కాబట్టి కొత్త పరిమితి ఆ క్షణం నుంచే అమలవుతుంది. ఏది మంచిదన్నది యాజమాన్యం చెప్పాలి, ప్రోగ్రామరు కాదు.

బెజవాడ_ఆడిటరు

నేను చార్టర్డ్ అకౌంటెంటును. పైన 5 లక్షలు అన్న మాట ఎన్నోసార్లు వచ్చింది గానీ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ 5 లక్షలు జీఎస్టీతో కలిపా, జీఎస్టీ లేకుండానా?

ఉదాహరణకు 12 మిల్లీమీటర్ల టీఎంటీ కడ్డీలు 8 టన్నులకు ఇండెంటు వచ్చిందనుకోండి. టన్ను ధర 58,000 అనుకుంటే మొత్తం 4,64,000 రూపాయలు, ప్రాజెక్టు మేనేజరు పరిధిలోనే ఉంది. 18 శాతం జీఎస్టీ కలిపితే 5,47,520 అవుతుంది, డైరెక్టరు గారి బల్ల మీదకు వెళ్ళాలి. అధికారాల పత్రంలో ఈ ముక్క రాయకుండా షరతు రాసిన ప్రతి చోటా, ఎవరికి అనుకూలమైన లెక్క వారు వేసుకోవడం చూస్తూనే ఉన్నాను. ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన సాంకేతిక సలహాలన్నింటికంటే ముందు తేలవలసింది ఇదే.

రెండవది, విడగొట్టడం. షరతు ఒక్కొక్క ఇండెంటు మీద మాత్రమే ఉంటే, 8 టన్నుల ఇండెంటు 4 టన్నుల ఇండెంట్లు రెండుగా మారడానికి ఎంతోసేపు పట్టదు. కాగితం మీద నడిచిన రోజుల్లో ప్రాజెక్టు మేనేజరు రెండింటినీ ఒకే బల్ల మీద చూసి ఆపేవారు. ఇప్పుడు ఫోనులో ఒక్కొక్కటిగా వస్తాయి, ఒక్కొక్కటిగా ఆమోదం పొందుతాయి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017 కూడా పై అధికారి మంజూరును తప్పించుకోవడానికి కొనుగోళ్లను ముక్కలు చేయరాదని స్పష్టంగా చెబుతున్నాయి. ప్రైవేటు సంస్థకు ఆ నియమం వర్తించకపోయినా అందులోని ఉద్దేశం పనికొస్తుంది. ఫ్లోలో షరతు ఇలా ఉండాలి: ఈ ప్రాజెక్టుకు, ఈ సరుకు వర్గంలో, గత 30 రోజుల్లో ఆమోదం పొందినవీ పెండింగులో ఉన్నవీ కలిపి, ఈ ఇండెంటు విలువ కూడా చేర్చి, ఆ మొత్తం పరిమితి దాటిందా? సరఫరాదారు వారీగా మాత్రమే కూడితే చాలదు, రెండవ ముక్కను ఇంకొకరి పేరున తీసుకుంటారు.

మూడవది చట్టపరమైనది. కంపెనీల అకౌంట్స్ నియమాలు 2014లో మూడవ నియమానికి చేర్చిన నిబంధన ప్రకారం 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు లెక్కల పుస్తకాలు నిర్వహించే సాఫ్ట్‌వేరులో ప్రతి మార్పు తేదీతో సహా నమోదు కావాలి, ఆ నమోదును ఆపివేసే వీలు ఉండకూడదు. షేర్‌పాయింట్ జాబితా లెక్కల పుస్తకం కాదు, నిజమే. కానీ దాని నుంచి పర్చేజ్ ఆర్డరు వివరాలు అకౌంటింగ్ సాఫ్ట్‌వేరులోకి తనంతట తాను చేరేలా కడితే, అక్కడ ఆ పద్దు ఎవరి పేరున నమోదవుతుందో చూడండి. అన్నీ ఒకే ఉమ్మడి ఖాతా పేరున పడితే నమోదు ఉన్నా దానివల్ల తెలిసేది ఏమీ ఉండదు.

ఇండెంట్ల_గది

ఆడిటరు గారు ఉక్కు కడ్డీల ఉదాహరణ ఇచ్చారు కాబట్టి మా అసలు బాధ అక్కడే చెబుతాను. ఉక్కు ధర రోజూ మారుతుంది. సరఫరాదారులు కొటేషన్ మీద చెల్లుబాటు 48 గంటలు అని రాసి పంపుతారు, కొందరు అదే రోజు సాయంత్రం వరకే అంటారు. మా ఆమోదం అంతకంటే నెమ్మదిగా వస్తుంది. వచ్చేసరికి ధర టన్నుకు కొన్ని వందలు పెరిగి ఉంటుంది. ఆమోదించినదానిని దిద్దకూడదని పచ్చ_నోటు గారు చెప్పినది న్యాయమే గానీ, ప్రతి సవరణకూ మళ్ళీ పూర్తి దారి తిప్పితే ఈలోగా ఇంకొకసారి ధర మారుతుంది. సైట్‌లో స్లాబు ఆగిపోయి ఉంటుంది.

పచ్చ_నోటు

అప్పుడు ఆమోదించవలసింది ధరను కాదు, ధరకు హద్దును. డైరెక్టరు గారు ‘8 టన్నులు, టన్ను 58,000 చొప్పున’ అని కాక, ‘8 టన్నులు, టన్ను 59,160 మించకుండా, ఈ తేదీ లోగా, జాబితాలోని ముగ్గురిలో తక్కువ చెప్పినవారి దగ్గర’ అని ఆమోదిస్తే, రెండు శాతం లోపు మార్పుకు ఆయన దగ్గరకు మళ్ళీ రానక్కరలేదు. హద్దు దాటితే మాత్రం వచ్చి తీరాలి.

ఫ్లో_మేస్త్రి

ఇది కట్టడం కష్టం కాదు. జాబితాలో ‘ఆమోదిత గరిష్ఠ ధర’, ‘ఆమోదం చెల్లే తేదీ’ అన్న రెండు గడులు పెట్టి, ఆమోదం వచ్చిన క్షణాన ఫ్లో వాటిని నింపాలి. కొనుగోళ్ల విభాగం దిద్దగలిగేది ‘తుది ధర’ అన్న మూడవ గడిని మాత్రమే. తుది ధర హద్దు లోపల ఉంటే విడుదల, దాటితే స్థితి మళ్ళీ ‘ఆమోదానికి’ అవుతుంది. ఆ రెండు గడులను మీ విభాగం మార్చలేకుండా ఉండాలంటే వాటిని ఇదే జాబితాలో కాక, ఫ్లో ఖాతాకు మాత్రమే రాసే హక్కున్న ‘ఆమోదాల చరిత్ర’ అనే వేరే జాబితాలో ఉంచండి, ఎందుకంటే షేర్‌పాయింట్‌లో గడి వారీగా హక్కులు ఇవ్వడానికి వీలు లేదు, అంశం వారీగానే ఇవ్వగలం. ఎవరు, ఎప్పుడు, ఏ వ్యాఖ్యతో ఆమోదించారన్నది, కంపారిటివ్ స్టేట్‌మెంట్ ఫైలు ఏ వెర్షన్‌ను చూసి ఆమోదించారన్నది కూడా ఆ చరిత్రలోనే పడాలి. వెర్షన్ సంఖ్య లేకపోతే, ఆమోదం తర్వాత ఎవరో ఫైలు మార్చారన్న అనుమానం వస్తే తేల్చుకునే దారి ఉండదు.

ఈఆర్‌పీ_సేవకుడు

ఇంత తతంగం షేర్‌పాయింట్ మీద కట్టడం కంటే సంస్థ పనులన్నీ ఒకే చోట నడిపే ఈఆర్‌పీనెక్స్ట్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరును ఎందుకు పరిశీలించకూడదు? అందులో వర్క్‌ఫ్లో అంటే స్థితులు, ఒక స్థితి నుంచి మరొక స్థితికి మార్పులు, ఆ మార్పు ఏ పాత్ర వారు చేయగలరన్నది, ఏ షరతు మీదన్నది. పైన ఫ్లో_మేస్త్రి గారు చేత్తో కట్టమన్న స్థితి పద్ధతి అక్కడ పుట్టుకతోనే ఉంది. ‘స్వీయ ఆమోదం’ అన్న టిక్కు తీసేస్తే ఇండెంటు పెట్టినవారే దానిని ఆమోదించలేరు. పత్రం ఒకసారి సబ్మిట్ అయితే దిద్దడానికి వీలుండదు, రద్దుచేసి సవరణ పత్రం తీయాలి, దానికి పాత సంఖ్య చివర -1 చేరుతుంది. పచ్చ నోటు సూత్రమే ఇది. కొనుగోలు, స్టోర్సు, లెక్కలు ఒకే చోట ఉంటాయి కనుక ఇండెంటు, ఆర్డరు, సరుకు రసీదు, బిల్లు ఒకదానితో ఒకటి సరిపోల్చడం కూడా తేలిక.

అయితే ఒక పత్రం రకానికి ఒక సమయంలో ఒకే వర్క్‌ఫ్లో చురుకుగా ఉండగలదు. ప్రాజెక్టుకు ఒక దారి కావాలంటే షరతులతోనే నెట్టుకురావాలి. అలాగే గడువు మీరితే పైవారికి పంపడం దానంతట అది రాదు, షెడ్యూలరుతో కొంత కోడు రాసుకోవాలి.

ఇండెంట్ల_గది

అకౌంట్సు వారు ఇప్పటి సాఫ్ట్‌వేరును వదలడానికి ఒప్పుకోరు. ఈ సంవత్సరానికి షేర్‌పాయింట్ మీదనే నడవక తప్పదు.

క్యూఏ_జీడిమెట్ల

మందుల తయారీ రంగం నుంచి ఒక మాట. ఇండెంట్ల వరకు ఇక్కడ చెప్పినవన్నీ సరిపోతాయి. కానీ చాలా సంస్థలు ఒకసారి ఇండెంట్లకు ఫ్లో నడిచిందని చూసి, అదే పద్ధతిని పని ఎలా చేయాలో చెప్పే ఎస్ఓపీల వంటి నాణ్యతా పత్రాలకు కూడా వాడబోతాయి. అమెరికాకు ఎగుమతి చేసే కర్మాగారాలకు 1997 నాటి 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 (ఎలక్ట్రానిక్ రికార్డులు, సంతకాల మీద అక్కడి నియమం) వర్తిస్తుంది. దాని ప్రకారం ఎలక్ట్రానిక్ సంతకంలో సంతకందారు పేరు, తేదీ, సమయంతో పాటు ఆ సంతకం ఎందుకు పెట్టారో, అంటే రచనా, సమీక్షా, ఆమోదమా అన్నది కూడా కనిపించాలి. సంతకాన్ని పత్రం నుంచి ఊడదీసి ఇంకొక పత్రానికి అతికించలేకుండా ఉండాలి. వేలిముద్ర వంటివి కాని సంతకానికి యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ వంటి రెండు వేర్వేరు అంశాలు కావాలి. అవుట్‌లుక్ ఈమెయిలులో వచ్చే ఆమోదం బటన్ నొక్కితే మళ్ళీ పాస్‌వర్డ్ అడగదు, కాబట్టి దానినే సంతకంగా చూపితే తనిఖీలో నిలబడదు. వ్యవస్థ సరిగ్గా పనిచేస్తుందని పరీక్షించి నిరూపించిన (వ్యాలిడేట్ చేసిన) రికార్డులు వేరే ఉండాలి.

ఇంకొక తేడా కూడా ఉంది. ఎస్ఓపీకి ఆమోదం తేదీ వేరు, అమలు తేదీ వేరు. మధ్యలో సిబ్బందికి శిక్షణ పూర్తికావాలి, పాత ప్రతులు వెనక్కి రావాలి. ఆమోదంతో ఫ్లో ముగిసిపోతే అక్కడే పని మిగిలిపోతుంది.

తొందర_లేదు_అనకండి

ఇన్ని దారులు, ప్రత్యామ్నాయాలు, గడియారాలు ఎందుకో నాకు అర్థం కావడం లేదు. మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే ఆమోదించినట్టే అని పెట్టేస్తే సరిపోతుంది కదా? తెలంగాణలో 2014 నాటి టీఎస్-ఐపాస్ చట్టమే పరిశ్రమల అనుమతుల్లో గడువు దాటితే అనుమతి ఇచ్చినట్టే భావించమంది. ప్రభుత్వమే చేయగా లేనిది ఒక ప్రైవేటు సంస్థ చేయకూడదా?

బెజవాడ_ఆడిటరు

రెండు సందర్భాలూ ఒకటి కావు. అక్కడ ఎదురుచూసేవాడు బయటి దరఖాస్తుదారు, ఆలస్యం చేసేది అధికారి, ఆలస్యానికి నష్టపోయేది దరఖాస్తుదారు. అందుకని చట్టం మౌనాన్ని దరఖాస్తుదారుకు అనుకూలంగా తీర్చింది. పైగా దరఖాస్తుదారు స్వీయ ధ్రువీకరణతో తన మీద బాధ్యత పెట్టుకుంటాడు. ఇక్కడ అడిగేదీ, ఆమోదించేదీ ఒకే సంస్థ. బయటకు పోయేది సంస్థ డబ్బు. మౌనమే ఆమోదమైతే డైరెక్టరు విమానంలో ఉన్న రోజు చూసుకుని ఇండెంటు పెట్టడం నేర్చుకుంటారు. నా ఆడిట్‌లో ‘గడువు మీరినందున ఆమోదితం’ అన్న పద్దు కనబడితే, దానిని ఆమోదం లేని కొనుగోలుగానే లెక్కిస్తాను.

తొందర_లేదు_అనకండి

ఉక్కు కడ్డీల వరకు ఒప్పుకుంటాను. కానీ సైట్ ఆఫీసుకు తెల్లకాగితాలు, తాగునీటి క్యాన్లు కొనడానికి కూడా ఇదే దారి తిప్పితే జనం మళ్ళీ వాట్సాప్‌కే పోతారు, ఫ్లోలో ఉన్నవి ఆడిటరు గారి కోసం పెట్టిన ఇండెంట్లుగానే మిగులుతాయి.

బెజవాడ_ఆడిటరు

ఆ మాట నిజం. చిల్లర ఖర్చులకు మౌనామోదం వద్దు, అసలు ఆమోదమే వద్దు. సైట్‌కు నెలవారీ ఇంప్రెస్టు (చిల్లర ఖర్చులకు ముందుగా ఇచ్చే సొమ్ము) మొత్తం ఇచ్చి, ఖర్చయ్యాక బిల్లులు తీసుకుని తిరిగి నింపండి.

డాలస్_ప్రవాహం

తిరస్కారం గురించి ఎవరూ మాట్లాడలేదు. పవర్ ఆటోమేట్‌లో మామూలుగా ఆమోదం, తిరస్కారం అన్న రెండే బటన్లు వస్తాయి. కార్యాలయాల్లో ఎక్కువగా జరిగేది ఈ రెండూ కాదు, ‘వివరణతో మళ్ళీ పంపండి’ అనడం. కస్టమ్ జవాబుల రకం ఎంచుకుని ‘వాపసు’ అన్న మూడవ బటన్ తప్పక పెట్టండి. అది లేకపోతే ఒక చిన్న సందేహానికి కూడా తిరస్కారం నొక్కుతారు, ఇంజనీరు కొత్త ఇండెంటు పెడతారు, పాత దానికీ కొత్త దానికీ లంకె తెగిపోతుంది. వాపసు వచ్చిన ఇండెంటు మొదటి దశకు వెళ్ళాలా, అడిగినవారి దగ్గరకే నేరుగా తిరిగి రావాలా అన్నది కూడా నిర్ణయించుకోండి. పరిమాణం, ధర మారకుండా వివరణ మాత్రమే చేరితే నేరుగా రావచ్చు. అంకె ఏదైనా మారితే మొదటికే వెళ్ళాలి.

ఇండెంట్ల_గది

అందరికీ కృతజ్ఞతలు. ముందుగా అధికారాల పత్రం తయారుచేసి, జీఎస్టీతో కలిపిన విలువనే పరిమితికి లెక్కించాలని, డైరెక్టరు గారు లేనప్పుడు 10 లక్షల వరకు మరొక డైరెక్టరుకు తేదీలతో అధికారం ఇవ్వాలని ప్రతిపాదించి సంతకానికి పంపాను. ఆ పత్రం వచ్చాకే ఫ్లోను విడగొట్టడం మొదలుపెడతాను. ఉక్కు, సిమెంటులకు మాత్రం ధర హద్దు పద్ధతి, మిగిలిన వాటికి ధరే ఆమోదం.

చివరగా ఒక సందేహం. ఇప్పుడున్న ఫ్లో నా ఖాతా మీద నడుస్తోంది. కొత్తవి కూడా అలాగే కట్టవచ్చా? పాత షేర్‌పాయింట్ డిజైనరులో కట్టిన సెలవు చీటీల వర్క్‌ఫ్లో ఒకటి కూడా ఉంది, దానిని కూడా ఇందులోకే తేవాలా?

ఫ్లో_మేస్త్రి

మీ ఖాతా మీద కట్టకండి. ఫ్లోలోని కనెక్షన్లు ఎవరి పేరున ఉంటే వారి హక్కులతోనే అది షేర్‌పాయింట్‌ను తాకుతుంది. వారు ఉద్యోగం మారి ఖాతా మూసివేస్తే అన్ని దశలూ ఒకేసారి ఆగిపోతాయి. పాస్‌వర్డ్ మార్చినా కొన్నిసార్లు కనెక్షన్ మళ్ళీ సరిచేయవలసి వస్తుంది. ఈ పనికే ఏ ఉద్యోగికీ చెందని ఒక సేవా ఖాతా తీసుకుని, దానికి లైసెన్సు కేటాయించి, ‘ఆమోదాల చరిత్ర’ జాబితాలో రాసే హక్కు దానికి మాత్రమే ఇవ్వండి. మీరూ, ఐటీ విభాగంలో ఒకరూ సహ యజమానులుగా ఉంటే చాలు. ఆడిటరు గారు ఉమ్మడి ఖాతా గురించి చెప్పిన అభ్యంతరం ఇక్కడ రాకుండా, ఆమోదించినవారి పేరును అభ్యర్థన జవాబు నుంచి తీసుకుని ప్రత్యేక గడిలో రాయించండి. ‘మార్చినవారు’ అన్న గడిని నమ్మకండి, అందులో ఎప్పుడూ సేవా ఖాతా పేరే ఉంటుంది.

సెలవు చీటీల వర్క్‌ఫ్లో 2010 రకానిదైతే క్లౌడ్‌లో 2020లోనే ఆగిపోయి ఉండాలి, కాబట్టి మీది 2013 రకమే అయి ఉంటుంది. షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లో దానికి మైక్రోసాఫ్ట్ పెట్టిన తుది గడువు 2026 ఏప్రిల్ 2. తేవలసిందే, అయితే ఇండెంట్లతో కలపకండి. సెలవులకు మేనేజరు ఎవరన్నది సంస్థ డైరెక్టరీ నుంచే తీసుకోవచ్చు, దానికి అధికారాల జాబితా అక్కరలేదు. ముందు ఐటీ వారిని డైరెక్టరీలో ప్రతి ఉద్యోగికీ మేనేజరు పేరు నింపి ఉందో లేదో చూడమనండి, చాలా చోట్ల అది ఖాళీగా ఉంటుంది.